కుడి పక్క లేవలేదు

నేను పసిపిల్లలకు నీళ్లు పోసే మనిషిని. ఉప్పల్‌లో మేముండే బస్తీ నుంచి నాచారం దాకా ఎవరింట్లో కాన్పు అయినా వారం తిరక్కముందే నాకు ఫోన్ వస్తుంది. పీట మీద కూర్చుని కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద రెండు అరచేతులూ ఆనిస్తే ఆ బిడ్డ ఊపిరి నా చేతుల్లోకి వచ్చేస్తుంది. జలుబు చేసిన బిడ్డ ఊపిరి ఒకలా ఉంటుంది, పాలు ఎక్కువైన బిడ్డ ఊపిరి ఇంకోలా ఉంటుంది. చదువు మూడో తరగతితో ఆగిపోయింది. నేను చదివిందంతా ఇట్లా చేతులతో చదివిందే.

ఇంకో పని కూడా చేస్తాను. బాలింతకు పొట్టకట్టు కడతాను. పాత నూలు చీరను మడతలు వేసి, నడుము చుట్టూ బిగించి, పక్కకు ముడి వేస్తే సాయంత్రం దాకా సడలదు. మా వైపు ఆ కట్టులో నన్ను మించినవాళ్లు లేరని పేరు. ఆ పేరు జనం కొంత చెప్పారు, నేను కొంత చెప్పుకున్నాను. ఆ కట్టుతోనే నా మొగుడి ప్రాణం మీదికి తెచ్చాను. ఇన్నాళ్లూ అప్పుడు పక్కనున్నవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆయన నాచారం ఫ్యాక్టరీల్లో ఒకదానిలో అట్టపెట్టెలు చేసే పనికి పోతాడు. రోజంతా నిలబడి చేసే పని. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి బిళ్లలు తెచ్చుకుని పొద్దున ఖాళీ కడుపున ఛాయ్‌తో మింగేవాడు. నెలల తరబడి మింగాడు. ఒక సోమవారం పొద్దుటి షిఫ్టులో కడుపు పట్టుకుని మెషిన్ పక్కనే కూలబడ్డాడు. తోటివాళ్లు ఆటోలో వేసుకుని దగ్గర్లోని చిన్న దవాఖానాకు తీసుకొచ్చారు. నేను పోయేసరికి ఆయన పొట్ట చెక్కలా గట్టిపడి ఉంది. లోపల పుండు పడి చిల్లయిందని, ఇప్పుడే కోయాలని అన్నారు. మధ్యాహ్నం పూర్తి మత్తు ఇచ్చి, రొమ్ము కింద నుంచి బొడ్డు దాకా కోసి, చిల్లు మూసి కుట్లు వేశారు.

మత్తు ఇచ్చిన డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కోస్తా వైపు మాట. ఆపరేషన్ అయ్యాక బయటికి వచ్చి నాతో నిలబడి మాట్లాడింది.

"బాగా జరిగిందమ్మా. కానీ మత్తు తర్వాత ఊపిరితిత్తులు కాస్త ముడుచుకుపోతాయి. మళ్లీ తెరుచుకోవాలంటే ఈయన కూర్చోవాలి, లోతుగా గాలి పీల్చాలి, దగ్గు వస్తే దగ్గాలి. నొప్పి అని ఊరుకోకూడదు."

అని, లోపల మూడు రంగుల బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి నా చేతిలో పెట్టింది. గొట్టం నోట్లో పెట్టుకుని లోపలికి పీలిస్తే బంతులు పైకి లేస్తాయట. గంటగంటకూ పదిసార్లు చేయించాలట. నేను తల ఊపాను. వినకుండా ఏమీ ఊపలేదు. విన్నాను. విని, ఈ పిల్లకు ఎన్ని కాన్పుల అనుభవం ఉందిలే అనుకున్నాను.

మంగళవారం పొద్దున ఆయనకు తెలివి బాగానే వచ్చింది. ముక్కులో గొట్టం, చేతికి సెలైన్, పొట్ట పక్క నుంచి ఇంకో గొట్టం. చెంగిచెర్ల నుంచి మా వదినె వచ్చింది. ఆయనకు అక్క. తల్లి పోయినప్పటి నుంచి తల్లి కూడా ఆమే. నేను బంతుల డబ్బా ఆయన నోటికి అందించాను. ఒక బంతి సగం లేచింది. అంతలోనే దగ్గు వచ్చింది. దగ్గుతోపాటు కేక.

వదినె గబగబా వచ్చి ఆయన నోటి మీద చెయ్యి పెట్టింది.

"దగ్గకు తమ్మీ! కుట్లు తెగి పేగులు బయట పడతయ్!"

"నేను రమ్మన్ననా అక్కా దగ్గును? అదే వస్తుంది."

"వస్తే మింగు. నీళ్లు తాగి మింగు."

"నీళ్లు ఇస్తలేరు గదనే."

"అయితే ఉమ్మి మింగు. నువ్వేంది, సూసుకుంట నిలబడ్డవ్? ఊరందరికి కడుతవ్, నీ మొగనికి కట్టవా?"

ఆ చివరి మాట నాకే. నా పనికి ఇంతమందిలో ఎవరూ వంక పెట్టలేదు. సంచిలో కింద పరుచుకోవడానికి తెచ్చిన నా పాత నూలు చీర ఉంది. మడత వేశాను. కుట్ల మీద బరువు పడకూడదని, పక్క గొట్టానికి తగలకూడదని, కట్టును మామూలుగా కట్టే చోటు కంటే పైకి జరిపాను. పొట్ట మీద కాదు, పక్కటెముకల అడుగున చుట్టూ తిప్పాను. వదినె ఒక కొస పట్టుకుంది. నేను మోకాలు మంచానికి ఆనించి రెండో కొస లాగాను.

"ఊపిరాడుతలేదే, జర వదులు జెయ్," అన్నాడు.

"బాలింతలు గూడ మొదట గిట్లనే అంటరు. రెండు గంటలల్ల అలవాటైతది."

ఇది నేనన్న మాట. అక్షరం పోకుండా గుర్తుంది.

నిజంగానే అలవాటైంది. గంటకల్లా, "ఇప్పుడు హాయిగుందే, నొప్పి తెలుస్తలేదు," అన్నాడు. ఎందుకు తెలుస్తుంది? ఛాతీ కదిలితే కదా నొప్పి తెలిసేది. పిల్లి నిద్రలో పీల్చినట్టు పైపైన పీలుస్తున్నాడు. మేమిద్దరం దాన్ని నెమ్మది అనుకున్నాం. వదినె నా భుజం తట్టి, "నీ చెయ్యి చెయ్యే పిల్లా," అంది.

సిస్టర్లు చూస్తే కోప్పడతారని దవాఖానా చొక్కా కిందికి లాగి, పైన దుప్పటి కప్పాను. బంతుల డబ్బాను మంచం కింద సంచి వెనక్కి తోశాను. అది చూస్తేనే ఆయనకు దగ్గు వస్తోందని. సాయంత్రం సిస్టర్ వచ్చి, "ఆంటీ, బంతులు చేపిస్తున్నవా?" అని అడిగింది.

"ఆఁ, చేస్తుండు బిడ్డా. రెండు బంతులు లేస్తున్నయి," అన్నాను. ఒకటి కూడా లేవలేదని చెప్పడానికి మనసొప్పక, రెండు అన్నాను.

బుధవారం పొద్దున ఒళ్లు వేడిగా ఉంది. కళ్లు మూసుకునే ఉంటున్నాడు. తడిగుడ్డతో ఒళ్లు తుడుద్దామని వదినె సాయంతో మెల్లగా లేపి కూర్చోబెట్టాను. చొక్కా వెనక తాళ్లు విప్పి, కట్టుకు పైన ఉన్న వీపంతా తుడిచాను. తుడవడం అయ్యాక, అలవాటు చొప్పున, రెండు అరచేతులూ ఆ వీపు మీద ఆనించాను.

ఎడమ చెయ్యి లేచింది. కుడి చెయ్యి లేవలేదు.

నేను సరిగా పెట్టలేదేమో అనుకున్నాను. చేతులు తీసి, చీరకు తుడుచుకుని, మళ్లీ పెట్టాను. ఎడమ పక్క ఊపిరి వచ్చి నా అరచేతిని నెడుతోంది. కుడి పక్క గోడ మీద చెయ్యి పెట్టినట్టు ఉంది. ఇన్నేళ్లలో ఇంతమంది బిడ్డల వీపుల మీద పెట్టిన చేతులు. ఒక్కసారి కూడా రెండు చేతులకూ రెండు రకాలుగా తెలియలేదు.

"వదినే, ఈయనకు ఒక పక్కనే ఊపిరి ఆడుతుంది."

"ఏం మాటలే అవి? ఊపిరి ఒక పక్క ఆడుడేంది? జ్వరం వచ్చింది, గంతే."

గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా ఊపిర్లు లెక్కపెట్టాను. ముప్ఫై నాలుగు. అది పసిపిల్లకు ఉండే లెక్క. నలభై తొమ్మిదేళ్ల మనిషికి ఉండాల్సింది కాదు. సిస్టర్ దగ్గరికి పరుగెత్తాను. ఆమె వచ్చి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది. ఎనభై తొమ్మిది వచ్చింది. ముఖం మారింది. గాలి మాస్కు పెట్టి, ఫోన్ తీసుకుని బయటికి పోయింది.

ఇంత చూసి కూడా నాకు కట్టు విప్పాలని తోచలేదు. ఆ సంగతి ఎంత ఆలోచించినా నాకే అర్థం కాదు. ఒక పక్క ఊపిరి ఆగింది అని చెప్పింది నా చేతులే. ఆ కట్టు కట్టింది కూడా నా చేతులే. ఒకదాని తప్పు ఇంకొకదానికి తెలియలేదు.

పదిన్నరకు డాక్టరమ్మ వచ్చింది. వస్తూనే, "ఏమైందమ్మా?" అంది.

"కుడి పక్క లేస్తలేదు మేడం."

ఆగి నా ముఖం చూసింది. "ఎవరు చెప్పారు?"

"చేతులు పెట్టి సూసిన."

ఇంకేం అడగలేదు. ఎక్స్‌రే తీసే మనిషి మధ్యాహ్నం దాటితే గానీ రాడట. "ఫోటో తర్వాత తీయిద్దాం. ముందు నన్ను చూడనివ్వండి," అని దుప్పటి లాగింది. ఆయన గొంతు కింద గుంతలో ఒక వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది. "గొంతులోని గాలిగొట్టం కుడివైపు గుంజుకుంది," అని తనలో తాను అనుకున్నట్టు అంది. తర్వాత ఆయనతో, "ఒక్క ఊపిరిలో ఒకటి రెండు మూడు లెక్కపెట్టండి, ఎంతదాకా వస్తే అంత," అంది. ఆయన మొదలుపెట్టాడు. ఆరు దగ్గర ఆగి నోరు తెరిచాడు. నేను నోట్లోనే ఆయనతోపాటు లెక్కపెడుతున్నాను. ఆయన ఆగిపోయాక కూడా నేను పదిహేను దాకా పోయాను.

వెనక నుంచి చొక్కా ఎత్తింది. నా చీర కనబడింది.

"ఇదేంటి?"

ఆవిడ ముడి విప్పబోయింది. రాలేదు. చెమటకు తడిసి బిగుసుకుపోయింది. కత్తెర తెప్పించి కోసేసింది. కట్టు ఊడి పడ్డాక ఆయన పక్కటెముకల మీద మడతల అచ్చు ఎర్రగా, చీర అంచు గీతలతో సహా కనబడింది. ఆయన ఒక పెద్ద ఊపిరి తీసుకోబోయి, నొప్పికి మధ్యలోనే ఆపేసుకున్నాడు.

డాక్టరమ్మ తన రెండు బొటనవేళ్లు వెన్నుకు అటూ ఇటూ పెట్టి పీల్చమంది. ఎడమ వేలు దూరం జరిగింది. కుడి వేలు ఉన్నచోటే ఉంది. తర్వాత ఎడమ చేతి వేలు వీపుకు ఆనించి, దాని మీద కుడి చేతి వేలితో టకటకా కొట్టింది. ఎడమ పక్క పైనుంచి కిందిదాకా డొల్లగా మోగింది. కుడి పక్క సగం దాకా మోగి, కిందికి వచ్చేసరికి తడిమట్టిని కొట్టినట్టు చప్పుడే లేదు. చెవుల గొట్టం పెట్టి రెండు పక్కలా మార్చి మార్చి విన్నది.

"కుడివైపు కింద భాగానికి గాలి వెళ్లట్లేదు. ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. కట్టు ఎప్పుడు కట్టారు?"

వదినె నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"ఇయ్యాల పొద్దుగాల్నే మేడం," అన్నాను.

"ఎన్నింటికి?"

"ఏడు... ఏడున్నర."

డాక్టరమ్మ నొసలు ముడిచింది. "మరి దానికి ముందు బంతులు చేస్తున్నాడు కదా? నిన్న రెండు లేచాయని సిస్టర్ రాసింది."

"ఆఁ మేడం."

ఆవిడ సిస్టర్‌ను తలుపు దగ్గరికి పిలిచి తగ్గు గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది. నాకు చెవులు బాగా వినబడతాయి. నిన్నటిదాకా బాగా పీలుస్తూ ఉండి, మూడు గంటల్లో ఇంతగా పడిపోవడం ఒక్క కట్టు వల్ల అయి ఉండదు అంటోంది. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడిందేమో, లేదా లోపల వేసిన కుట్టు వదిలి ఏదైనా చేరుతోందేమో. ఇక్కడ ఉంచి లాభం లేదు, అంబులెన్స్ పిలవండి, పెద్ద దవాఖానాకు పంపి స్కాన్ తీయించాలి, అవసరమైతే మళ్లీ కోయాల్సి రావచ్చు అంటోంది. దారిలో ఊపిరి ఆగితే గొంతులో గొట్టం వేయడానికి తానూ వెంట వస్తానంది.

ఉప్పల్ చౌరస్తా నాకు తెలుసు. పొద్దున ఆ వేళకు మెట్రో స్తంభాల కింద బండ్లు ఎట్లా నిలబడిపోతాయో తెలుసు. ఈ మనిషి ఎనభై తొమ్మిది మీద ఉన్నాడు. ఆయన్ను ఆ ట్రాఫిక్‌లో వేసి, లేని గడ్డను వెతకడానికి తీసుకుపోతారు. మళ్లీ మత్తు ఇస్తారు. మళ్లీ కోస్తారు. అదంతా ఏడున్నర అన్న ఒక్క మాట మీద జరుగుతుంది.

లేచి వెళ్లాను.

"మేడం, అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యకున్రి."

"ఏమ్మా?"

"ఇయ్యాల కాదు కట్టింది. నిన్న పొద్దుగాల కట్టిన. రాత్రంత అట్లనే ఉండె. బంతులు ఒక్కటి గూడ లేవలే. నేనే మంచం కిందికి దొబ్బిన. దగ్గితే కుట్లు తెగుతయని దగ్గనియ్యలే. సిస్టర్‌కు అబద్ధం చెప్పిన. మీకు గూడ చెప్పిన."

డాక్టరమ్మ తిట్టి ఉంటే బాగుండేది. ఫోన్ చేతిలో పట్టుకుని నన్ను అలా చూస్తూ నిలబడింది. వెనక నుంచి వదినె గొంతు లేచింది.

"గంతేనా? నీ మొగడు మంచం మీద ఊపిరికి కొట్లాడుతుంటే నువ్వు గంటలు మార్చి చెప్తున్నవా? నా తమ్మున్ని చంపుతుంటివి గదనే!"

ఆ మాట అన్నాక వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముఖం అటు తిప్పుకునే, "దాని ఒక్కదాని తప్పు గాదు డాక్టరమ్మా. కట్టుమన్నది నేను. ఇంకో కొస పట్టుకున్నది గూడ నేనే," అంది.

డాక్టరమ్మ మళ్లీ మంచం దగ్గరికి వచ్చింది. కాళ్ల పిక్కలు నొక్కి చూసింది, పొట్ట తడిమింది, పక్క గొట్టంలో వచ్చేది చూసింది, మరోసారి విన్నది.

"నిన్నటి నుంచీ అయితే ఇది సరిపోతుంది. కఫం లోపల గట్టిపడి అడ్డుపడి ఉంటుంది. అది బయటికి రావాలి. నొప్పికి ఇంజెక్షన్ ఇస్తాను, కూర్చోబెట్టండి, దగ్గించండి. మూడింటి దాకా చూస్తాను. అప్పటికీ పెరగకపోతే, లేదా ఇంకా పడిపోతే, గొట్టం వేసి పంపించేస్తాను. అంతకంటే ఆగను." తర్వాత నా వైపు తిరిగి, "ఇప్పుడు నాతో చెప్పిందంతా నిజమేనా?" అంది.

"నిజమే మేడం."

"అయితే రండి, చూపిస్తాను."

దిండు ఒకటి ఆయన పొట్ట మీద పెట్టి, రెండు చేతులతో కావలించుకోమంది. దగ్గినప్పుడు దిండును లోపలికి అదమాలి. అప్పుడు కుట్లు కదలవు, ఛాతీ మాత్రం కదులుతుంది. అరచేతిని దోసిలిలా వంచి, కుడి వీపు కింద తట్టి చూపించింది. పాలు తాగిన బిడ్డను భుజాన వేసుకుని తట్టినట్టే. ఆ పని నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

మంచం పక్కకు కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టాం. వదినె ముందు నిలబడి భుజాలు పట్టుకుంది. నేను వెనక. ఇంజెక్షన్ పని చేసేదాకా ఆగి, "దగ్గు," అన్నాను.

ఆయన దగ్గలేదు. మాస్కు లోపల నుంచి ముక్కలు ముక్కలుగా మాట వచ్చింది.

"నిన్న దగ్గితే సస్తవ్ అన్నవ్. ఇయ్యాల దగ్గకపోతే సస్తవ్ అంటున్నవ్. ఏది నమ్మాలె నేను?"

"ఇయ్యాలది నమ్ము. నిన్నటిది నా మాట. ఇయ్యాలది డాక్టరమ్మ మాట."

"తెగుతయేమోనే."

"తెగయ్. దిండు పట్టుకో."

గొంతులోనే ఖళ్ మన్నాడు. అది దగ్గు కాదు. నన్ను సముదాయించడానికి చేసిన చప్పుడు. తట్టాను. మళ్లీ పీల్చమన్నాను. బంతుల డబ్బా తీసి, మాస్కు జరిపి, గొట్టం ఆయన నోట్లో పెట్టాను. మొదటి బంతి అడుగున కొద్దిగా ఊగి ఆగిపోయింది. పన్నెండయింది. క్లిప్పులో ఎనభై ఎనిమిది. తట్టాను. తొంభై వచ్చింది, మా ప్రాణాలు లేచి వచ్చాయి. నేను నీళ్లు తాగి వచ్చేసరికి మళ్లీ ఎనభై ఎనిమిది. ఒంటిగంట అయింది. నేను చెయ్యి మార్చుకుని తట్టాను. దోసిలి చేసి కొట్టి కొట్టి అరచెయ్యి మొద్దుబారింది.

రెండింటికి ఆయన తల ముందుకు వాలడం మొదలైంది. "పండనియ్యవే. జరసేపు పండనియ్యి. నీ కాళ్లు మొక్కుత," అన్నాడు. పెళ్లయి ఇరవై ఆరేళ్లలో ఆయన నోట నేను వినని మాట అది. చెంప మీద కొట్టాను, మెల్లగానే. కళ్లు తెరిచాడు. కళ్లనిండా నీళ్లు. నొప్పికి కాదని నాకు తెలుసు. నేను కొట్టానని.

ఆయన నా మీద కోపంతో పోతాడేమో అనుకున్నాను. మనిషి పోవడం ఒక సంగతి. కానీ ఆయన చివరిసారి చూసింది నేను కొట్టడమే అయితే, ఆ చూపు నాతో ఉండిపోతుంది. చెయ్యి ఆగిపోయింది. నావల్ల కాదని వదినె ముఖం చూశాను.

వదినె ఆయన గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"తమ్మీ, నా దిక్కు సూడు. నువ్వు దిక్కుమాలిన బీడీ మొదలువెట్టినప్పుడు నీకెన్నేండ్లు?"

"ఇప్పుడెందుకక్కా..."

"పన్నెండు. దొడ్డి ఎనుక తాగి వచ్చినవ్. అమ్మ ముందర నిలవడ్డవ్. దగ్గు వస్తే దొరుకుతవని, నేను ఎనుకకెల్లి గిల్లితే, మూతి ఎర్రగ చేసుకొని ఆపుకున్నవ్. యాదుందా?"

"ఆఁ."

"ఆపుకొని ఆపుకొని ఏం జేసినవ్?"

మాస్కు లోపల ఆయన మూతి వంకర తిరిగింది.

"చెప్పు నీ పెండ్లానికి. దగ్గు పైకెల్లి రాకపాయె, కిందికెల్లి వచ్చింది. అమ్మ, ఎవడురా పటాకి కాల్చింది అని ఇల్లంత ఎతికింది."

"నవ్వియ్యకే అక్కా, కుట్లు..."

అన్నాడు గానీ నవ్వు ఆగలేదు. ఒక్కసారి ఊపిరి లోపలికి పోయింది. ఈ రెండు రోజుల్లో అంత ఊపిరి తీసుకోవడం నేను చూడలేదు. ఆ వెంటనే దగ్గు వచ్చింది. అది గొంతులో చేసే దగ్గు కాదు, అడుగు నుంచి వచ్చింది. వదినె రెండు చేతులతో దిండును ఆయన పొట్టకు అదిమింది. నేను వెనక నుంచి తట్టాను. ఆయన అరిచాడు, మళ్లీ దగ్గాడు, మళ్లీ అరిచాడు. పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. నాలుగో దగ్గుకో ఐదో దగ్గుకో మాస్కు లాగేసుకుని, నేను అందించిన గిన్నెలో ఉమ్మాడు. చింతగింజ అంత ముద్ద, పసుపుగా, తుమ్మబంకలా సాగుతోంది. అది రావడంతోటే ఇంకొంచెం పలచగా వచ్చింది.

సిస్టర్ మాస్కు మళ్లీ పెట్టింది. క్లిప్పు అంకె తొంభై, తొంభై ఒకటి, మళ్లీ తొంభై. ఈసారి నేను నమ్మలేదు. వచ్చి పోయే అంకెలు పొద్దుటి నుంచీ చూస్తూనే ఉన్నాను. ఆయన్ను మళ్లీ దగ్గించాం. ఆయన నన్ను తిట్టాడు. ఆ తిట్టు మధ్యలో ఆగకుండా ఒకే ఊపిరిలో వచ్చింది. వదినె, "ఇంకోటి తిట్టు," అంది.

మూడింటికి డాక్టరమ్మ వచ్చింది. చేతిలో ఫోన్ ఉంది. నేను గిన్నె చూపించాను. చూసి పక్కన పెట్టి, ముందు ఆయన ఊపిర్లు లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది. వెనకకు వెళ్లి చెవుల గొట్టం కుడి పక్క అడుగున పెట్టింది. కళ్లు మూసుకుని విన్నది. ఒకసారి విని, కొంచెం జరిపి, మళ్లీ విన్నది. ఆ విన్నంతసేపూ నేను వదినె చెయ్యి పట్టుకున్నాను. ఆమె లాక్కోలేదు.

వేలు ఆనించి కొట్టింది. పొద్దున తడిమట్టిలా ఉన్నచోట సగం మోగింది. సగం ఇంకా మోగలేదు.

"గాలి వెళ్తోంది. పూర్తిగా కాదు, అడుగున ఇంకా మూసుకునే ఉంది," అంది. క్లిప్పు తొంభై మూడు చూపిస్తోంది. "ఇప్పుడు పంపించను. కానీ గండం గడిచిందని నేను చెప్పట్లేదమ్మా. జ్వరం ఉంది. మీరు ఆపితే మళ్లీ ముడుచుకుపోతుంది. ఎక్స్‌రే అబ్బాయి వచ్చాడు, ఇక్కడికే మెషిన్ తెస్తాడు. గంటగంటకూ ఇదే పని. చేయగలరా?"

"చేస్త మేడం."

"అబద్ధం రాయించకూడదు. బంతి లేవకపోతే లేవలేదని చెప్పండి. లేవలేదని తెలిస్తేనే నేను ఏదైనా చేయగలను."

సరేనన్నాను. ఆ రోజు నుంచి నాలుగు రోజులు, ఆ కుడి పక్క అడుగు తెరుచుకునేదాకా, సిస్టర్ అడిగిన ప్రతిసారీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చాలాసార్లు చెప్పాల్సింది "లేవలే" అనే.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ వెళ్లాక ఆయన వెనక్కి వాలబోయాడు. వదినె ఎత్తుగా దిండ్లు సర్ది వాల్చింది. పది నిమిషాలు అయింది. నేను ఆయన ఛాతీనే చూస్తున్నాను. ఒక్కో ఊపిరి లేచి, ఆగి, పడుతుంటే, ఆ ఆగిన చోట నా ఊపిరీ ఆగుతోంది. ఎడమ పక్క లేచినంత కుడి పక్క లేవడం లేదు. లేస్తుందా అంటే లేస్తోంది. చాలా అంటే చాలదు.

దిండు తీసి ఆయన పొట్ట మీద పెట్టాను.

ఆయన కళ్లు తెరిచి గోడ గడియారం చూశాడు. "ఇంక గంట గాలేదు గదనే," అన్నాడు.

"కాకుంటే కాకపాయె. దగ్గు."